ఫ్యానుకు పోటీగా ఒక దీపం

తెలుగువాళ్ల ఇంట్లో పైకప్పు నడిబొడ్డు ఫ్యానుది. రెండు గదుల పోర్షన్ అయినా, డూప్లెక్సు విల్లా అయినా ఇందులో తేడా లేదు. స్లాబు పోసే రోజునే ఊచలకు ఇనుప డబ్బా కట్టి, అందులోంచి ఒక కొక్కెం దింపి వదిలేస్తారు. ఆ గదిలో ఎవరుంటారో, మంచం ఏ గోడకు వేస్తారో తెలియకముందే ఫ్యాను ఎక్కడ తిరగాలో ఖాయమైపోతుంది. దీపానికి మిగిలింది గోడ. తలుపు మీద నాలుగడుగుల ట్యూబులైటు, వరండాలో ఒక బల్బు, పడగ్గదిలో జీరో బల్బు. కొన్ని దశాబ్దాల పాటు మన దీపాల ప్రపంచం ఇంతే. (ఆ జీరో బల్బు పేరుకే జీరో, పాత రకం పది, పదిహేను వాట్లు తాగేది. అది వేరే సంగతి.) అందుకని ఇవాళ వేలాడే దీపం ఒకటి కొనుక్కుందామని సరదాపడ్డవాళ్లు డబ్బు, అభిరుచి అనే మాటలు పక్కనపెట్టి ముందు తలెత్తి పైకి చూసుకోవాలి. ఫ్యాను వదిలిన చోటు ఏమైనా ఉందా అని.

మా ఇంటికి ఇంటీరియర్ పని ఒప్పుకున్న కుర్రాడు లాప్‌టాప్‌లో బొమ్మలు చూపించాడు. డైనింగ్ టేబుల్ మీద మూడు రాగిరంగు గంటలు, వాటిలోంచి తేనెరంగు వెలుగు, కింద గిన్నెలో నాలుగు నారింజ పళ్లు. చాలా బాగుంది. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని చూసి, "ఫ్యానేది నాయనా?" అంది.

"ఏసీ పెడుతున్నాం కదమ్మా."

"అన్నం చల్లారిపోదూ?"

దానికి అతని లాప్‌టాప్‌లో జవాబు లేదు. అసలు ఇంటీరియర్ వాళ్ల త్రీడీ బొమ్మల్లో ఫ్యాన్లే ఉండవు. మే నెల ఉండదు, కరెంటు కోత ఉండదు. టేబుల్ మీద అమ్మ మాత్రల డబ్బా, వాటర్ బాటిళ్లు, మూత సరిగ్గా పెట్టని పచ్చడి సీసా, ఏవీ ఉండవు. దీపాలు మాత్రం ఉంటాయి, పట్టపగలు కూడా వెలుగుతూ.

ఫ్యానుకూ వేలాడే దీపానికీ ఉన్నది ఉత్త స్థలం తగాదా అనుకుంటే పొరపాటు. దీపం రెక్కల కన్నా పైన ఉంటే రెక్కలు ఆ వెలుగును తరుగుతూ పోతాయి. గోడల మీదా కంచంలోనూ నీడలు గిర్రున తిరిగి కాసేపటికి తలనొప్పి తెప్పిస్తాయి. ఫాల్స్ సీలింగులో ఫ్యాను పక్కనే స్పాట్‌లైట్లు బిగించిన హాళ్లలో కూర్చున్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. పోనీ రెక్కల కన్నా కిందికి దింపుదామంటే గాలికి ఊగుతుంది. వెదురు బుట్టలు, కాగితపు బుడగలు అయితే మరీను. మామూలు 48 అంగుళాల ఫ్యానుకు రెక్క కొస నడిమి నుంచి రెండడుగుల దూరంలో ఉంటుంది. ఆ వలయానికి బయట ఇంకో అడుగున్నర ఎడం ఇచ్చి, కాస్త బరువున్న దీపం ఎంచుకుంటే గొడవ చాలావరకు సద్దుమణుగుతుంది. మా ఇంట్లో కుదిరిన రాజీ ఇంకో రకం: టేబుల్ మీద దీపం, పక్క గోడకు ఫ్యాను. అమ్మకు గాలి దక్కింది, మా ఆవిడకు రాగి గంట దక్కింది. మూడు కాదు, ఒకటే.

ఇంత తంటా ఎందుకు, పైకప్పుకు ఒక పెద్ద ప్యానెల్ లైటు బిగించేస్తే పోలా అని మా తమ్ముడు అన్నాడు. పోతుంది. కానీ ఇక్కడో లెక్క ఉంది. దీపం నుంచి దూరం రెట్టింపైతే మీద పడే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. గది ఎత్తు పదడుగులు, టేబుల్ ఎత్తు రెండున్నర అడుగులు అనుకుందాం. పైకప్పుకున్న బల్బుకూ కంచానికీ మధ్య ఏడున్నర అడుగులు. అదే బల్బును వైరుకు వేలాడదీసి టేబుల్‌కు రెండున్నర అడుగుల పైకి దింపితే దూరం మూడో వంతైంది. కంచంలో నేరుగా పడే వెలుగు తొమ్మిది రెట్లైంది. మీటరు మాత్రం మునుపటిలాగే తిరుగుతుంది. టేబుల్‌కు 30 నుంచి 36 అంగుళాల ఎత్తులో వేలాడదీయమని ఈ పని తెలిసినవాళ్లు చెప్పేది ఊరికే కాదు. అంతకన్నా కిందికి దింపితే ఎదుటివాళ్ల మొహానికి అడ్డం; బాగా పైకి లాగితే కూర్చున్నవాళ్ల కళ్లలోకే బల్బు.

ఈ తొమ్మిది రెట్ల సంబరంలో ఇంకో సంగతి జరుగుతుంది. టేబుల్ వెలిగేసరికి చుట్టూ గది మసకబారుతుంది. నాకు నచ్చింది అదే. లాంతరు కాలం మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. ఆ మసి, ఆ కిరసనాయిలు కంపు, చిమ్నీ తుడుస్తుంటే తెగే వేళ్లు మనకొద్దు. కానీ లాంతరు వెలుగుకు ఒక అంచు ఉండేది. ఎక్కాలు వల్లించే పిల్లలు, బియ్యంలో రాళ్లు ఏరే నాయనమ్మ, పద్దు రాసుకునే తాతయ్య, అందరూ ఆ అంచు లోపలికి జరిగి కూర్చోవలసిందే. ట్యూబులైటు వచ్చి ఆ అంచును చెరిపేసింది. మూలమూలకూ ఒకే తీరున వెలుగు పరిచింది కాబట్టి ఎవరి మూల వాళ్లు చూసుకున్నారు. దాన్ని నేను తక్కువ చేసి మాట్లాడను. పరీక్షలకు చదివి ఉద్యోగాలు తెచ్చుకున్న మా తరమంతా దానికి బాకీ. అయితే ఇప్పుడు ఫోను ఎవరి వెలుగు వాళ్ల చేతిలోనే పెట్టింది. నలుగురినీ ఒక చోటికి లాగే దీపం కావాలంటే ఆ దీపానికి హద్దు ఉండాలి. ఎక్కడ వెలగాలో చెప్పడం తేలిక. ఏ మూల వెలగకపోయినా ఫరవాలేదో తేల్చుకోవడమే కష్టం, నా దృష్టిలో వేలాడే దీపం ఎంపిక అంటే అదే.

షాపులో ఆ ఎంపిక చేయడం దాదాపు అసాధ్యం. హైదరాబాదులో కోఠీ పక్కనే ట్రూప్ బజారుకు వెళ్లి చూడండి. ఒక్కో కొట్టులో పైకప్పు కనబడనన్ని దీపాలు, అన్నీ ఒక్కసారే వెలుగుతూ. అక్కడ చీకటే ఉండదు; చీకటి లేనిచోట దీపం గుణం తెలిసేదెట్లా? నాకు తోచిన ఉపాయం ఒకటే. నచ్చినదాన్ని ఉంచి చుట్టుపక్కలవి కాసేపు ఆర్పమని అడగడం. సేల్స్ కుర్రాడు విసుక్కుంటాడు, కానీ ఆర్పుతాడు. తర్వాత దాని కింద కుర్చీ వేయించుకుని కూర్చుని చూడాలి. నిలబడి చూసిన దీపం వేరు, కూర్చుని చూసిన దీపం వేరు. భోజనం నిలబడి చేయం కదా, కనీసం ఇంట్లో.

బల్బు కంట్లో పడకూడదన్న ఈ ఒక్క పట్టుదల మీద జీవితం గడిపిన మనిషి ఒకాయన ఉండేవాడు, డెన్మార్కులో. పేరు పౌల్ హెన్నింగ్‌సన్. 1920ల నుంచీ ఆయన చేసిందల్లా రేకు పళ్లేల్ని ఒకదాని మీద ఒకటి ఎలా వంచి పేరిస్తే బల్బు దాగి, వెలుగు మాత్రం కిందికి జారుతుందో లెక్కలు కట్టడం. 1958లో వచ్చిన ఆయన పీహెచ్ 5 దీపం ఇప్పటికీ తయారవుతోంది. పెద్ద పళ్లెం అడ్డకొలత 50 సెంటీమీటర్లు కాబట్టి ఆ 5. బల్బుల కంపెనీలు ఆకారాలు మారుస్తుంటే విసిగిపోయి, ఏ బల్బు పెట్టినా కనబడకుండా ఉండేట్టు దాన్ని చేశాడట. డెన్మార్కు చలిదేశం. మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుగూకే శీతకాలంలో వాళ్లు దీపాన్ని కిందికి దింపుకుని చుట్టూ చేరతారు. వాళ్లకు పైకప్పులో ఫ్యాను పోటీ లేదు. మనం ఆ దీపాల నకళ్లు కొంటున్నాం, మంచిదే. కొనేటప్పుడు ఆ దాపరికం కూడా వచ్చిందో లేదో చూసుకోవాలి. చాలావాటిలో పైకి ఆకారం దిగుతుంది కానీ, అడుగున కూర్చుంటే బల్బు ఎప్పటిలాగే గుచ్చుతుంది.

షాండ్లియర్ల గురించి నేను ఎక్కువ మాట్లాడను. చౌమహల్లా ప్యాలెస్‌లో ఖిల్వత్ ముబారక్ దర్బారులో నిలబడి ఆ 19 బెల్జియం షాండ్లియర్లను చూసినవాళ్లకు అవి ఎంత ఎత్తు కప్పును అడుగుతాయో అర్థమవుతుంది. పదడుగుల కప్పుకు వాటి పిల్లను తగిలిస్తే పొడుగాటి చుట్టాలు వచ్చినప్పుడల్లా గుండె దడ. పైగా తుడిచేది ఎవరు?

తుడవడం అన్నాను కాబట్టి చెబుతాను, మన ఊళ్లకు సంబంధించి దీపం డిజైన్ తేల్చేది ముగ్గురు: దుమ్ము, తాళింపు, ఉసిళ్లు. పైకి తెరుచుకున్న గిన్నె ఆకారపు దీపాలు కేటలాగులో ఎంతో నాజూకుగా ఉంటాయి. తొలకరి పడిన సాయంత్రం ఉసిళ్లు లేచాక మర్నాడు ఆ గిన్నెలోకి తొంగి చూస్తే ఇక అన్నం సయించదు. వంటింటి గట్టు మీద పేము బుట్టలు వేలాడదీస్తే పోపు ఆవిరి, నూనె జిడ్డు పేము సందుల్లోకి దిగి, దాని మీద దుమ్ము కూర్చుంటుంది. అది ఏ బ్రష్షుకూ లొంగదు. కాబట్టి వంటింట్లో గాజు, పింగాణీ పూత రేకు, తడిబట్టతో ఒక్క తుడుపుకు వచ్చేవి. అడుగున తెరిచి, పైన మూసినవి. పసుపు వెలుగుకు పురుగులు కాస్త తక్కువ వస్తాయన్నది కూడా నిజమే. వాటి కళ్లను ఎక్కువగా లాగేది నీలం పాలు ఎక్కువున్న తెల్ల వెలుగు.

పసుపా, తెలుపా? ఈ గొడవ మా ఇంట్లో దీపం కన్నా ఎక్కువ సేపు నడిచింది. డబ్బా మీద 2700, 3000 కెల్విన్లని ఉంటే పసుపు, 4000 అంటే మధ్యస్థం, 6500 అంటే నీలపు ఛాయ కొట్టే తెలుపు. మా ఆవిడకు పసుపు కావాలి, స్టార్ హోటళ్లలో అలాగే ఉంటుంది. అమ్మకు తెలుపు కావాలి. పాతకాలపు మనిషి, తెలియక అంటోందని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఆమెకు పసుపు అంటే లో ఓల్టేజి. ఊళ్లో సాయంత్రం ఏడయ్యేసరికి అందరూ ఒక్కసారే స్విచ్చులు వేస్తే బల్బులో తీగ చల్లబడి, పసుపు దాటి నారింజకు తిరిగి, పుస్తకంలో అక్షరం ఆనేది కాదు. ట్యూబులైటు ఉన్న ఇల్లంటే కలిగిన ఇల్లు. ఆ తెలుపు కోసం ఒక తరం ఆశపడింది. ఆ తరాన్నే ఇవాళ ఖరీదు పెట్టి పసుపు కొనుక్కోమంటున్నాం. ఆమె కంటి సంగతి కూడా ఉంది. అరవై దాటిన కంట్లో లోపలి పొర దాకా చేరే వెలుగు, ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతు. కంటిపాప చిన్నదవుతుంది, కటకం పచ్చబడుతుంది. ఆ వయసులో వెలుగు ఎక్కువ కావాలి, కానీ బల్బు నేరుగా కనబడితే మాత్రం కుర్రవాళ్ల కన్నా ఎక్కువ గుచ్చుతుంది. లోపలి తీగలు కనబడే ఎడిసన్ తరహా గాజు బల్బులు, కాఫీ షాపుల్లో వేలాడేవి, ముసలివాళ్లున్న ఇంటికి వద్దని నేను ఖండితంగా చెబుతాను. చివరికి టేబుల్ మీద పసుపే వచ్చింది, కానీ వాట్లు పెంచి, పాలగాజు బల్బుతో. అమ్మ మంచం పక్క 4000 కెల్విన్ల చదువు దీపం. బేరం కుదిరింది.

రంగు గురించి వ్యాపారులకు తెలిసినంత మనకు తెలియదు. నగల షాపులో బంగారం మీద పసుపు వెలుగు, వజ్రాల మీద తెల్ల వెలుగు వేస్తారు. చీరల షాపుకు వెళ్లిన ఆడవాళ్లకు ఇది తరతరాలుగా తెలుసు. కౌంటరు మీద నచ్చిన చీరను గుమ్మం దాకా తీసుకెళ్లి ఎండలో చూడందే బిల్లు వేయించరు. ఇంట్లో ఆ పరీక్షకు నేను వాడేది ఆవకాయ. చవక ఎల్‌ఈడీ కింద కొత్తావకాయ ఎరుపు చచ్చిపోయి ఇటుకపొడి రంగులో కనబడుతుంది, టమాటా పప్పు గోధుమరంగుకు తిరుగుతుంది. కారణం వంటలో లేదు. తెల్ల ఎల్‌ఈడీ అంటే నిజానికి నీలం ఎల్‌ఈడీ. దాని మీద పసుపు పొడి పూత పూసి తెల్లబరుస్తారు. ఆ నీలాన్ని సాధించినందుకే జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో నోబెల్ వచ్చింది. పూత నాసిరకమైతే వెలుగులో ఎరుపు పాలు తగ్గుతుంది. డబ్బా మీద సీఆర్ఐ అని ఒక అంకె ఉంటుంది, 80 అనో 90 అనో. కానీ ఆ అంకె లెక్కగట్టే ఎనిమిది రంగుల్లో ముదురు ఎరుపు లేనేలేదు. అందుకే 80 ఉన్న బల్బు కింద కూడా ఆవకాయ దిగాలుగా ఉండొచ్చు. భోజనాల బల్ల మీద 90కి తగ్గకుండా కొనడం మేలు. మెట్ల కింద, స్టోరు గదిలో ఏదైనా ఒకటే.

ఈ వెతుకులాటలో నేను నిజంగా మనసు పడి కొన్నది మాత్రం డైనింగ్ టేబుల్ దీపం కాదు. హాలు మూలన వేలాడుతున్న తోలు దీపం. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట అని ఊరు. తోలుబొమ్మలాట కుటుంబాల ఊరు. 2020 సంవత్సరానికి పద్మశ్రీ పొందిన దళవాయి చలపతిరావు గారిది ఆ ఊరే. ఆటకు రాత్రంతా కూర్చునే జనం తగ్గిపోయాక అదే తోలుతో, అదే చేత్తో దీపాల గొట్టాలు చేయడం మొదలుపెట్టారు. మేకతోలును శుభ్రం చేసి, బొచ్చు గీకి, లాగి ఎండబెడితే వెలుగు చొరబడేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, చిన్న చిన్న ఉలులతో నగలున్న చోటల్లా చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగు వేస్తారు. ఆర్పి ఉన్నప్పుడు మా దీపం మామూలు రేకు డబ్బా అంత మందకొడిగా ఉంటుంది. వెలిగిస్తే సీత మెడలో ఒక్కో పూస విడివిడిగా కనబడుతుంది. చీర అంచులో చిల్లులు వరస తప్పిన చోటు కూడా కనబడుతుంది. అక్కడ ఉలి పట్టిన చెయ్యి ఒక్క క్షణం పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడి ఉంటుంది. ఒకప్పుడు తెర వెనక ఆముదపు దీపాలతో ఆడించిన బొమ్మలివి, వెనక నుంచి వెలుగు పడటం కోసమే పుట్టినవి. కాబట్టి దీపపు గొట్టంగా మారడం వాటికి అవమానమేమీ కాదని నా అభిప్రాయం. కాకపోతే ఇందులో పాత 60 వాట్ల బల్బు పెట్టకూడదు, ఆ వేడికి తోలు ముడుచుకుపోతుంది. తెల్ల వెలుగు కూడా వద్దు, ఆ ఎరుపులు నిలవవు. ఐదు వాట్ల పసుపు ఎల్‌ఈడీ సరిపోయింది. గదికి అది చాలదు. చాలాలని నేను అడగలేదు.

అమెరికాలో కొడుకుల దగ్గరికి వెళ్లొచ్చిన తల్లిదండ్రుల్ని అడగండి, "ఇంత పెద్ద ఇల్లు కొన్నాడు, పడగ్గదిలో పైన లైటే లేదండీ" అంటారు. అక్కడ చాలా ఇళ్లలో గోడ స్విచ్చు వేస్తే ప్లగ్గుకు కరెంటు వస్తుంది, దానికి స్టాండు దీపం తగిలించుకోవాలి. గదంతా ఏకంగా వెలగడం మనకు అలవాటు, గదిలో కొంత వెలిగితే చాలనుకోవడం వాళ్లకు. అక్కణ్నుంచి ముచ్చటపడి దీపాలు తెచ్చుకునేవాళ్లు మాత్రం వాటితో వచ్చిన బల్బును అక్కడే వదిలేసి రావడం మంచిది. అది 120 ఓల్టులకు చేసినది, మన 230కి ఒక్క మెరుపు మెరిసి ఊరుకుంటుంది.

ఇక బల్బు. వేలాడే దీపాల్లో చాలావాటికి మర హోల్డరు ఉంటుంది, మన ఇళ్లలో బల్బులు దాదాపు అన్నీ పిన్ను బల్బులు. దీపం తగిలించాక రాత్రి తొమ్మిదింటికి ఈ సంగతి తెలుసుకునే ఇళ్లెన్నో. ఇంకో రకం దీపాల్లో బల్బే ఉండదు, ఎల్‌ఈడీ పట్టీ లోపలే అతికించి వస్తుంది. పల్చగా, అందంగా ఉంటాయి. పోయినప్పుడు దీపం మొత్తం పోతుంది. నేనైతే బల్బు మార్చుకునే వీలున్నదే కొంటాను. ఎల్‌ఈడీ బల్బు ఇప్పుడు దొరకనిదీ కాదు, ఖరీదైనదీ కాదు. 2014లో ప్రభుత్వం టోకున కొంటే ఒక్కోటి 310 రూపాయలు పడినది 2016కి 38కి దిగింది. ఎల్‌ఈడీ బల్బులు చవకగా ఇచ్చే పథకం, తర్వాత ఉజాలా అన్నది, 2015 జనవరిలో దేశమంతటా మొదలవకముందే గుంటూరు, అనంతపురం లాంటి జిల్లాల్లో పాత బల్బు తీసుకుని 10 రూపాయలకు 7 వాట్లది ఇచ్చారు. చేతిలో పాత బల్బులు పట్టుకుని క్యూలో నిలబడ్డ జనం ఇప్పటికీ గుర్తే. బల్బుకు శత్రువు వేడి. వెలిగే ఎల్‌ఈడీ చాలాకాలం ఉంటుంది. ముందు పోయేది దాని మెడలో ఉన్న చిన్న సర్క్యూటు, అందులోనూ కెపాసిటర్. ఊపిరాడని గాజు గోళంలో బిగిస్తే ఇంకా తొందరగా పోతుంది.

ఇది నాకంటే బాగా మా వీధి చివరి ఎలక్ట్రికల్ షాపాయనకు తెలుసు. ఆన్‌లైన్లో దీపం కొనుక్కున్నా బల్బు మాత్రం ఆయన దగ్గరే తీసుకుంటాను. కౌంటరు మీద రెండు హోల్డర్లున్న చెక్క ఒకటి ఉంటుంది, ఒకటి పిన్నుది, ఒకటి మరది. బల్బు డబ్బాలోంచి తీసి అందులో పెట్టి, వెలిగించి, రెండు సెకన్లు మనకు చూపించి, ఆర్పి, మెడ దగ్గర తెల్లటి చోట గ్యారంటీ కోసం పెన్నుతో తేదీ రాస్తాడు.

"ఎందులో పెడుతున్నారు సార్?" అన్నాడు మొన్న.

"కింద తెరిచే ఉంటుందండీ."

"అయితే పర్లేదు. గ్లోబులో మూసిపెట్టి మూణ్నెల్లకే తెచ్చేవాళ్లున్నారు." తేదీ పక్కన సంవత్సరం వేసి, దాని కింద రెండు గీతలు గీశాడు. "ఇది లేకపోతే నాలుగేళ్లయినా ఇదే నెలలో పట్టుకొస్తారండీ జనం."